ఖాళీ వీధిలో రాట్నం

పోయిన నెల బిజినేపల్లి నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాత శాసనసభ్యుల గురించి పరిశోధన చేస్తోందట. చిన్న రికార్డరు బల్ల మీద పెట్టి, నేను ఎన్నిసార్లు గెలిచాను, ఎప్పుడు ఓడాను, సభలో వేటి మీద మాట్లాడాను అని వరుసగా అడిగింది. రెండుసార్లు గెలిచానని, మూడోసారి ఓడానని, ఆ తర్వాత మళ్లీ నిలబడలేదని చెప్పాను. చివర్లో కాగితాలు సర్దుకుంటూ, "చిన్నప్పుడు ప్లేగు రోజుల్లో కులపెద్దల ముందు లేచి మాట్లాడి మీ అవ్వ ప్రాణం కాపాడారట కదా, అది నిజమేనా అమ్మా?" అంది. నిజమే అన్నాను. ఆమె సంతోషంగా రాసుకుంది. ఆ కథ మా వైపు చాలామందికి తెలుసు. ఎన్నికల రోజుల్లో వనపర్తిలోనూ, నాగర్‌కర్నూలులోనూ మా వాళ్లు సభలు పెట్టినప్పుడల్లా, నన్ను పరిచయం చేసేవాళ్లు మొదట ఆ కథే చెప్పేవారు. జనం చప్పట్లు కొడుతుంటే నేను వేదిక మీద తల వంచుకుని కూర్చునేదాన్ని. అది వినయం అనుకునేవారు. ఆ కథలో అబద్ధం లేదు. కానీ అది సగమే. మిగతా సగం తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

మాది గద్వాలలో నేతగాళ్ల వీధి. ముందు గదిలో గుంట తవ్వి మగ్గం దించి ఉండేది. గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన పొద్దంతా నేసేవాడు. ఇంట్లో ఎటు తిరిగినా గంజి వాసన, తడిసిన పట్టు వాసన, ఆముదం దీపపు మసి వాసన. నేను పెళ్లయి వేరే ఇంటికి వెళ్లాక ఆ మూడు వాసనలూ లేని గాలి పీల్చడానికి కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాను. వెనక గదిలో ఈరమ్మవ్వ రాట్నం. ఈరమ్మవ్వ నాయనకు మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. నాయన పుట్టిన వారానికే వాళ్లమ్మ చనిపోతే, ఈరమ్మవ్వే మేకపాలు పట్టి పెంచింది. నాయన ఆమెను ఎన్నడూ "అత్తా" అనలేదు, "అమ్మా" అనేవాడు. ఆమె చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, గంజి కాచి, పొయ్యి దగ్గరి పని అయిపోగానే రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుపోగు చుట్టేది. ఆరు చుట్లు తిప్పి ఆపేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగును జారనిచ్చి, ఎక్కడైనా చివికిందేమో చూసి, మళ్లీ ఆరు చుట్లు. వీధిలో మిగతావాళ్లు ఒకే ఊపులో తిప్పుకుంటూ పోయేవారు. మా అవ్వ రాట్నం మాత్రం కిర్రుమని, ఆగి, కిర్రుమనేది. ఆ చప్పుడు వింటూనే నేను పెరిగాను. అది పూర్తిగా ఆగిపోతేనే నిద్రలో మెలకువ వచ్చేది.

పక్కిల్లు బుడ్డమ్మది. ఆమె కొడుకు రంగన్న మా నాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. అతనికి రాయచూరు దిక్కు పల్లె నుంచి గౌరమ్మను చేసుకొచ్చారు. పదిహేడేళ్లు ఉంటాయేమో. వాళ్ల పుట్టింట్లో ముతక నూలే తప్ప పట్టు ముట్టినవాళ్లు లేరు. అందుకని బుడ్డమ్మ ఆమెను మా ఈరమ్మవ్వ దగ్గరికి పంపింది. గౌరమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి అవ్వ పక్కన కూర్చుని పట్టు చుట్టడం నేర్చుకునేది. ఆమె మాటల్లో సగం కన్నడం. పెరటి గోడ మీదుగా నన్ను చూసి "ఊటా ఆయితా?" అని అడిగేది. తిన్నానన్నా నమ్మకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టేది. నాకప్పుడు పదకొండేళ్లు. ఆమె అంటే చాలా ఇష్టంగా ఉండేది.

ఆ ఏడు చలి ముదిరాక ఒకరోజు మిట్టమధ్యాహ్నం నాయన మగ్గం గుంటలోంచి ఒక ఎలుక పైకి వచ్చింది. మనుషులను చూసి పారిపోలేదు. తాగినదానిలా గిరగిర తిరిగి, నాయన పాదం పక్కనే పడి చచ్చిపోయింది. నాయన పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. మర్నాటికి వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే. మూడో రోజుకు మనుషులకు జ్వరాలు, చంకల్లో గజ్జల్లో గడ్డలు. ప్లేగు వచ్చినప్పుడు ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకోవడం పెద్దలకు కొత్త కాదు. రెండు రోజుల్లో వీధి ఖాళీ అయింది. సర్కారు దవాఖాన మనుషులు ఊరి బయట నిలబడి, వచ్చే ప్రతివాళ్ల చంకలూ గజ్జలూ తడిమి చూసి పంపేవారు. ఒక్కరికి గడ్డ కనబడితే ఆ ఇంటిల్లిపాదినీ వేరే పాకల్లోకి తోలి, సామానంతా తగలబెట్టేవారు. ఆ పాకల్లోకి పోయినవాళ్లు తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

మేము బయలుదేరిన పొద్దున ఈరమ్మవ్వ మాతో లేదు. అయిజలో అవ్వ చెల్లెలి ఇంటికి బండిలో పంపించామని అమ్మ చెప్పింది. అమ్మ నా ముఖం చూడకుండా చెప్పింది. నాయన తలుపుకు ముళ్లకంప కట్టి, కంప మీద చేయి పెట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. చేతికి ముళ్లు గుచ్చుకుని నెత్తురు వచ్చినా తీయలేదు. పక్కింటి తలుపుకూ కంప కట్టి ఉంది. గౌరమ్మ ఏదని అడిగితే, "పుట్టింటికి తోలిచ్చిన బిడ్డా, పోయి అప్పుడే రెండు దినాలాయె" అంది బుడ్డమ్మ.

మా గుడిసెలు ఊరికి పడమర, పరుపుబండ దగ్గర. అక్కడి నుంచి చూస్తే మా వీధి మొత్తం కనబడేది. ముగ్గులేని వాకిళ్లు, పొగ లేవని కప్పులు, వీధి మధ్యలో ఎటూ పోలేక నిలబడ్డ ఒక లేగదూడ. కుక్కలు కూడా మా వెంటే వచ్చేశాయి. అవి ఊరి వైపు తిరిగి మొరిగేవి కాదు, ఊరికే చూస్తూ కూర్చునేవి. నాలుగో రోజో ఐదో రోజో మధ్యాహ్నం, గాలి ఊరి నుంచి మా వైపు తిరిగింది. దంచుతున్న రోకలి ఆపి ఎవరో "ఇనండి" అన్నారు. అందరూ విన్నాం. ఖాళీ వీధిలో ఎక్కడో రాట్నం తిరుగుతోంది.

ఆ మర్నాడూ అదే వేళకు వినిపించింది. ఆ పై రోజూ. పొద్దు నడినెత్తికి రాగానే గుడిసెల్లో మాటలు ఆగిపోయేవి. ఆడవాళ్లు పిల్లల చెవులు మూసేవారు. వండుతున్నవాళ్లు గరిటె తిప్పడం మానేసేవారు. మారెమ్మ కండెలు చుడుతోందని ఎవరు మొదట అన్నారో తెలియదు. ఎన్ని కండెలు నిండితే అన్ని ప్రాణాలు పోతాయన్నారు. నిజంగానే చప్పుడు ఎక్కువసేపు వినిపించిన రోజున ఇద్దరు పోయారు. అందరూ భయపడ్డారు. నాకు ఇంకో రకం భయం. ఆ రాట్నం ఆరు చుట్లు తిరిగి ఆగుతోంది.

అమ్మ దగ్గరికి పోయి మెల్లగా, "అవ్వ అయిజ పోలేదా?" అని అడిగాను. అమ్మ నా నోరు గట్టిగా మూసి గుడిసెలోకి ఈడ్చుకెళ్లింది.

"నీకు దండం బెడత, గా మాట మల్ల అనకు. అవ్వకు గజ్జల గడ్డ లేసింది. తోలుకొస్తే మనందర్ని పాకలకు తోల్తరు. నీ చెల్లె ఇంక పాలు తాగే పసిపిల్ల. నేనేం జేద్దు?"

"నాయనకు తెలుసా?"

"అవ్వనే జెప్పింది, నన్ను ఇడిసి పోండి అని. మీ నాయన రెండు దినాలు చీకటితోనే పోయి కిటికీల నుంచి బువ్వ, నీళ్లు పెట్టొచ్చిండు. ఇప్పుడు కులపోళ్లు తొవ్వకు కావలి బెట్టిండ్రు. పోనిస్తలేరు."

అమ్మ ఏడవలేదు. చెల్లెలిని ఒళ్లోకి లాక్కుని, బయట వినిపిస్తున్న చప్పుడుకు అడ్డంగా ఏదో పాట మొదలుపెట్టింది. రెండు ముక్కలు పాడి ఆపేసింది.

ఆ మధ్యాహ్నమే పరుపుబండ మీద కులం కూడింది. కులపెద్ద లేచి, దున్నను బలిచ్చి వీధి చుట్టూ గిరి గీయాలన్నాడు. "అమ్మ వచ్చి కూసుంది. ఆమె పని ఆమెను జేసుకోనియ్యాలె. గిరి గీసినంక ఎవ్వలు దాటొద్దు. నెల గానీ, రెండు నెలలు గానీ, సప్పుడు ఆగేదాంక అటు దిక్కు మొకం జెయ్యొద్దు." అందరూ తలలూపారు. నాయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. గిరి గీస్తే ఇక ఎవరూ పోరని, అవ్వ ఆకలికి చచ్చిపోతుందని నాకు అర్థమైంది. ఆడపిల్లలు మాట్లాడే చోటు కాదది. నేను లేచి నిలబడ్డాను.

"గది అమ్మవారు గాదు. మా ఈరమ్మవ్వ."

కులపెద్ద నన్ను కోపంగా చూడలేదు, జాలిగా చూశాడు. "మీ అవ్వ అయిజ పోయింది గద బిడ్డా."

"పోలే. ఇంట్లనే ఉంది. గడ్డ లేసిందని ఇడిసిపెట్టొచ్చినం."

"నీకెట్ల తెలుసు గా సప్పుడు ఆమెదేనని?"

"ఆరు సుట్లు తిప్పి ఆపుతది. మా అవ్వ ఒక్కతే గట్ల తిప్పుతది. ఈ వీధిల ఇంకెవ్వలు తిప్పరు."

ఆ మాటలు నేను ఎంత గట్టిగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకే వినిపిస్తుంది. ఎదురుగా బుడ్డమ్మ తన కొడుకు మణికట్టును పట్టుకోవడం చూశాను. గోళ్లు దిగేంతగా పట్టుకుంది. మా సంగతి విని భయపడిందనుకున్నాను. నాయన లేచాడు. "పిల్ల జెప్పింది నిజమే. నేనే ఇడిసిపెట్టొచ్చిన" అన్నాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. నా ప్రక్కన కూర్చున్నవాళ్లు కొంచెం దూరం జరిగారు. కులపెద్ద గిరి గీయకముందే పోయి తెచ్చుకోమన్నాడు. తెచ్చినా సర్కారు మనుషుల కంటపడకుండా దూరంగా వేరే గుడిసెలో ఉంచాలన్నాడు. మంచం మోయడానికి రెండో మనిషి కావాలి. ఎవరూ కదల్లేదు. దూరంగా నిలబడ్డ దేవదానం, "నేనొస్త పా అన్నా" అన్నాడు. దేవదానం క్రైస్తవుల వాడలోని కూలిమనిషి. ప్లేగు పీనుగులను మోయడానికి, గుంతలు తవ్వడానికి అతన్నే పిలుస్తున్నారు.

పొద్దు వాలకముందే ఇద్దరూ మంచం మీద ఈరమ్మవ్వను మోసుకొచ్చారు. ప్రాణం ఉంది. పెదవులు పగిలి, నాలుక వాచి, కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. నాయన ముఖం బూడిదలా ఉంది. మంచం దించి నా వైపు చూశాడు. నేను చేసిన పనికి మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. చూసి, చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు. వాళ్ల వెనకే డప్పులు మోగిస్తూ వీధి చుట్టూ సున్నంతో, నెత్తురుతో గిరి గీశారు. ఆ సాయంత్రమే కాలం కాని కాలంలో వాన మొదలైంది. మూడు రోజులు గుడిసెల మీద వాన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నాలుగో రోజు వాన వెలిసింది. మధ్యాహ్నం అందరూ చెవులొగ్గి కూర్చున్నారు. రాట్నం లేదు. అప్పుడు అందరూ నన్ను చూసి, పిల్ల చెప్పిందే నిజమన్నారు.

ఈరమ్మవ్వ బతికింది. గడ్డ పగిలి, నెలకు లేచి కూర్చుంది. రెండు నెలలకు ఊళ్లోకి తిరిగి వెళ్లాం. ఇళ్లు శుభ్రం చేయాలని రంగన్న అందరికంటే ఒకరోజు ముందు వెళ్లాడు. మేము వెళ్లేసరికి వాళ్ల పెరట్లో ఏదో కాల్చిన మసి ఉంది. తర్వాత కొన్నాళ్లకు, గౌరమ్మ పుట్టింట్లో ప్లేగుతో పోయిందని కబురు వచ్చినట్టు బుడ్డమ్మ గుండెలు బాదుకుంది. నేనూ ఏడ్చాను. ఈరమ్మవ్వ ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆమె రాట్నం ముట్టలేదు. చేతుల్లో సత్తువ లేదంది. నాయన మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. కావలసింది అమ్మతో చెప్పించేవాడు. నలుగురిలో పరువు తీశానని కోపం అని అమ్మ అనేది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ కోపానికి తగ్గ గర్వం నాకూ ఉండేది. వీధిలో పెద్దవాళ్లు నన్ను పిలిచి సలహా అడిగేవారు. నన్ను బడికి పంపమని నాయనకు చెప్పింది కులపెద్దే.

ఐదేళ్ల తర్వాత ఈరమ్మవ్వ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను కాళ్లు ఒత్తుతూ, మాటల మధ్య, "నువ్వు రాట్నం తిప్పకుంటే నేను ఇనకపోదు, నిన్ను తెచ్చుకోకపోదుము అవ్వా" అన్నాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"నేను తిప్పలే బిడ్డా" అంది.

నేను ఒత్తడం ఆపాను.

"నాకు లేసి కూసునే సత్తువ యాడిది? నీళ్ల కుండ దాంక పాకనీకె గాలే. నాకు గూడ ఇనొచ్చేది. పక్కింట్ల నుంచి. గోడకు చెవి బెట్టి ఇంటుంటి. నేను నేర్పిందే గద, ఆరు సుట్లు, ఆపుడు."

పుట్టింటికి పోయిందన్న గౌరమ్మ, కంప కట్టిన ఆ ఇంట్లోనే ఉంది. ఆమెకూ జ్వరం వచ్చింది. మాలాగే వాళ్లూ వదిలేసి వచ్చారు.

"మొదాల రెండు దినాలు పిలిసేది. కన్నడంల, అమ్మను పిలిసేది. తర్వాత గొంతు పోయింది. సప్పుడు జేస్తె ఎవలన్న వస్తరని రాట్నం తిప్పింది. మీ నాయన నన్ను ఎత్తుకొని వీధి మూల మలుగంగ గూడ రాట్నం తిరుగుతుండె. జెప్దామంటే నాకు నాలుక లేవలే. నాకు మాటొచ్చేటాలకు పది దినాలాయె. ఇంకేం జెప్తు? ఆ గోడ పక్కనే బతకాలె. నన్ను ఇడిసిపెట్టిన ఇంట్లనే నేను బతకాలె."

అవ్వ కాళ్ల మీద దుప్పటి కప్పాను. తర్వాత లేచి పక్కింటికి వెళ్లాను. రంగన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఇంట్లో ఎవరూ లేరు. బుడ్డమ్మ ఒక్కతే నీడలో కూర్చుని ఉంది. ఆమెకు చూపు బాగా తగ్గింది. నా అడుగులు గుర్తుపట్టి, నేను ఏమీ అడగకముందే, "ఈరమ్మ జెప్పిందా?" అంది.

"గిరి గీస్తుంటే ఎట్ల కూసున్నరు?" అన్నాను.

"కూసున్నం. ఆ పొద్దు చెప్తమనే వచ్చిండె నా కొడుకు. నోటిదాంక తెచ్చుకున్నడు. గింతల నువ్వు లేసి గది మీ అవ్వదే అన్నవు. ఇంకెవ్వలు గట్ల తిప్పరన్నవు. మాకు పానం నిమ్మళమైంది. అయితే మా పిల్ల ఎప్పుడో పోయి ఉంటది, గీ సప్పుడు ఆమెది గాదు అనుకున్నం. అనుకోనీకె ఒక తొవ్వ దొరికింది. పట్టుకున్నం."

చెవి గోడ వైపు తిప్పింది. "నాకు ఇప్పటికి ఇనొస్తది. పగటాల, ఎవ్వలు లేనప్పుడు. నీకు ఇనొస్తలేదా?"

ఆ క్షణం నాకు నిజంగా వినిపించిందో, ఆమె అడిగినందుకు వినిపించినట్టు అనిపించిందో చెప్పలేను. లేచి పరుగెత్తినట్టే ఇంటికి వచ్చాను. నాయన మగ్గం గుంటలో ఉన్నాడు. ఐదేళ్లుగా మాటలు లేవు మా మధ్య. ఎదురుగా నిలబడి, "గౌరమ్మ ఇంట్లనే ఉండెనట" అన్నాను. నాయన నాడె కింద పెట్టాడు.

"నేను గూడ ఇన్న బిడ్డా" అన్నాడు. "మంచం ఎత్తి మూల మలుగుతుంటే ఎన్క సప్పుడు మొదలైంది. అమ్మ మంచం నా చేతులల్ల ఉంది. రాట్నం ఎన్క తిరుగుతుంది. దేవదానం నిలబడి, 'అన్నా, లోపట ఇంకెవలో ఉన్నరు' అన్నడు. గది అమ్మవారే, గబగబ నడువు అన్న. మల్ల పోతే నా అమ్మను గూడ రానియ్యరని భయమైంది. నీ మొకం జూస్తె గదే యాదికొస్తది. నువ్వు అందర్ల నిజం జెప్పినవు. నేను ఇని గూడ జెప్పలే." ఆయన ఏడుస్తుంటే చూడటం అదే మొదలు. అప్పుడు తెలిసింది, ఐదేళ్లూ ఆయనది కోపం కాదు.

నేను చెప్పింది నిజం అని ఆయన అన్నాడు. అది కూడా సరికాదు. మా అవ్వ ఇంట్లో ఉందన్నది నిజం. ఆ చప్పుడు ఆమెదే, ఇంకెవరిదీ కాదు అన్నది నాకు తెలియకుండా అన్న మాట. ఎవరిదో తెలియదు, పోయి అన్ని ఇళ్లూ చూడండి అని ఉంటే ఇద్దరూ వచ్చేవాళ్లు. శాసనసభలో ఉన్న రోజుల్లో, ఫలానా ఊళ్లో కలరా తగ్గింది, అందరూ క్షేమం అని అధికారులు చెబితే, ఎన్ని తలుపులు తెరిచి చూశారని అడిగేదాన్ని. నాకు చాదస్తమని నవ్వుకునేవారు. ఇప్పుడు ఆ వీధిలో సిమెంటు ఇళ్లు వచ్చాయి. మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టీవీలు, మోటార్ల రొదలో మధ్యాహ్నం పూట పక్కింట్లో మనిషి అరిచినా వినపడదు. మా కాలంలో అంతా వినపడేది. వినపడకపోవడం వల్ల కాదు మేము పోనిది.

గెలిచిన మొదటి ఏడు, జీపు కట్టించుకుని రాయచూరు దిక్కు గౌరమ్మ వాళ్ల పల్లెకు వెళ్లాను. తల్లిదండ్రులు లేరు. తమ్ముడు ఉన్నాడు. ఎమ్మెల్యే వచ్చిందని కంగారుపడి మంచం వాల్చాడు, మజ్జిగ తెచ్చాడు. వాళ్లకు గద్వాల నుంచి వెళ్లిన కబురు వేరు: అత్తింట్లోనే పోయింది, ఇక్కడే దహనం చేశాం, రావద్దు అని. జరిగింది చెప్పాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అతను నా ఎదుట నేల మీద కూర్చుని, "అమ్మా, ఆఖర్ల మా అక్క దగ్గర ఎవలన్న ఉండిండ్రా?" అని అడిగాడు. చిన్నప్పటి నుంచి దాచుకున్న ప్రశ్నలా అడిగాడు.

"ఉన్నం" అన్నాను. "అందరం పక్కనే ఉన్నం."

అతను రెండు చేతులూ జోడించి, అది చాలమ్మా అన్నాడు. నేను మజ్జిగ తాగి, జీపెక్కి వచ్చేశాను. తర్వాత రెండు ఎన్నికల్లో ఆ ప్లేగు కథ వేదికల మీద చెబుతుంటే విన్నాను. ఒక్కసారి కూడా ఆపమనలేదు. అతను ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే, లేదా అతని పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆ రోజు నేను అన్న మాట నిజం కాదు. ఆమె దగ్గర ఎవరూ లేరు.